ఆలోచన ముందా, విప్లవం ముందా? ఆధునిక రాజకీయ భావాల పుట్టుక మీద చర్చ

కాలరేఖ

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది. చరిత్ర పాఠాల్లో మనకు చెప్పే వరస ఒకటుంది. ముందు మాంటెస్క్యూ, వోల్టేర్, రూసో రాశారు, జనం చదివారు, ఆ తర్వాత 1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. నాకు ఈ వరస తలకిందులుగా ఉందనిపిస్తోంది. ప్రజా సార్వభౌమత్వం, సార్వత్రిక ఓటు హక్కు, చివరికి కుడి, ఎడమ అనే విభజన కూడా తీరిగ్గా కూర్చుని ఆలోచించినవాళ్ల చేతుల్లో ఇప్పుడున్న రూపానికి రాలేదు. తెల్లారేలోపు ఏదో ఒకటి తేల్చుకోక తప్పని స్థితిలో పడ్డవాళ్లు వాటికి ఆ రూపం ఇచ్చారు.

1789 మే నెలే చూడండి. ఎస్టేట్స్ జనరల్, అంటే రాజు పిలిచే వర్గ ప్రతినిధుల సభ, మే 5న వెర్సాయ్‌లో మొదలైంది. 1614 తర్వాత మళ్లీ అదే. మతాధికారులు ఒక వర్గం, ప్రభువులు ఒక వర్గం, మిగతా దేశమంతా కలిపి మూడో వర్గం. మూడో వర్గం ప్రతినిధుల సంఖ్యను అంతకుముందు డిసెంబరులోనే రెట్టింపు చేశారు. ఓటు తలకొకటా, వర్గానికొకటా అన్నది మాత్రం తేల్చలేదు. వర్గానికొకటైతే ఎంతమంది ఉన్నా ఒకటే ఓటు, పై రెండు వర్గాలు కలిస్తే కథ కంచికే.

పేచీ దేనిమీద వచ్చిందో గమనించండి. ఎన్నికై వచ్చినవాళ్ల నియామక పత్రాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి. ఆ తనిఖీ అందరూ ఒకే హాల్లో కూర్చుని చెయ్యాలా, ఎవరి గదిలో వాళ్లు చేసుకోవాలా? విడిగా చేసుకుంటే మూడు సభలున్నాయని ఒప్పేసుకున్నట్టే. అందుకని మూడో వర్గం తమ పత్రాలు కూడా తాము చూసుకోకుండా ఐదు వారాలు భీష్మించుకు కూర్చుంది. జూన్ 12న మూడు వర్గాల పేర్లూ పిలవడం మొదలుపెట్టారు. 13న ముగ్గురు చర్చి గురువులు తమ వర్గాన్ని వదిలి వచ్చి వీళ్లతో కలిశారు. 17న ఆ సభ తనకు తానే జాతీయ సభ అని పేరు పెట్టుకుంది. అధికారం రాజుది కాదు, జాతిది అన్న మాట ఆచరణలోకి వచ్చింది ఇలాగే, పత్రాల తనిఖీ గొడవలోంచి.

ఇది నా వాదన. మీరేమంటారు?

పాతపుటలు

కాలరేఖ గారూ, ఉదాహరణ చాలా బాగుంది. మీరు దాంట్లోంచి లాగిన ముగింపుతోనే నాకు పేచీ. ఆ ఐదు వారాలూ ఆ హాల్లో ఉన్నవాళ్లు ఖాళీ బుర్రలతో కూర్చోలేదు కదా. ఆ జనవరిలోనే సియెస్ అనే చర్చి గురువు రాసిన కరపత్రం వచ్చింది, అందులోని ప్రశ్నలూ జవాబులూ ఇవి. మూడో వర్గం అంటే ఏమిటి? అంతా అదే. ఇప్పటిదాకా రాజకీయాల్లో దాని విలువెంత? ఏమీ లేదు. ఏం కావాలంటోంది? కాస్తో కూస్తో విలువ కావాలంటోంది. జూన్ 10న, ఇక ఆగేది లేదు, మిగతా రెండు వర్గాలకూ చివరిసారి కబురు పెడదాం అని ప్రతిపాదించిందీ ఆయనే.

రొట్టె ధర పెరిగి అల్లర్లు జరగడం ఫ్రాన్సుకు కొత్త కాదు. అంతకుముందు వందేళ్లలో ఎన్ని జరగలేదు! వాటిలో ఒక్కదాంట్లోంచీ జాతీయ సభ పుట్టలేదు. ఆకలి, అప్పులు, కోపం అప్పుడూ ఉన్నాయి. 1789లో కొత్తగా వచ్చి చేరింది ఏమిటంటే, ఈ అన్యాయానికి కారణం ఫలానా వ్యవస్థ, దాన్ని మార్చవచ్చు అన్న నమ్మకం. ఆ నమ్మకం పుస్తకాల్లోంచి, కరపత్రాల్లోంచి వచ్చింది. అమెరికా సంగతీ అంతే. 1776 స్వాతంత్ర్య ప్రకటనలో ఉన్న వాదన ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ అంతకు దాదాపు తొంభై ఏళ్ల ముందే అచ్చువేయించినది.

సిరాచుక్క

ఇద్దరూ 1789 దగ్గరే ఆగిపోయారు. ఇంకో 142 ఏళ్లు వెనక్కి వెళ్దాం.

1647 ఇంగ్లండు. అంతర్యుద్ధంలో రాజు ఓడిపోయాడు. గెలిచిన పార్లమెంటు తన సైన్యానికి జీతాల బకాయి ఇవ్వకుండానే చాలా రెజిమెంట్లను ఇళ్లకు పంపించేద్దామని చూసింది. మొదటి గొడవ జీతాల గురించే. సైనికులు రెజిమెంటుకు ఇంతమంది అని తమ ప్రతినిధుల్ని ఎన్నుకున్నారు. అక్టోబరు నెలాఖర్లో లండన్ పక్కన పట్నీలో అధికారులు, ఆ ప్రతినిధులు ఒకచోట కూర్చున్నారు. అధ్యక్షత వహించింది సైన్యం పెద్దల్లో ఒకడైన క్రామ్వెల్. అక్టోబరు 29న ఓటు ఎవరికుండాలి అన్న ప్రశ్న వచ్చింది.

కల్నల్ రెయిన్స్‌బరో అన్న మాట ఇది: ఇంగ్లండులో అందరికన్నా గొప్పవాడికి ఎలా ఒక బతుకుందో, అందరికన్నా బీదవాడికీ అలాగే ఒక బతుకుంది. కాబట్టి ఒక ప్రభుత్వం కింద బతకాల్సిన మనిషి ముందు తన ఇష్టంతో దాని కిందికి రావాలి. క్రామ్వెల్ అల్లుడు ఐర్‌టన్ వెంటనే అడ్డు తగిలాడు. దేశంలో స్థిరమైన ఆస్తి ఉన్నవాడికే ఓటు ఉండాలి, పుట్టుకతో వచ్చే హక్కు అంటూ మొదలుపెడితే అదే హక్కుతో రేపు నా ఆస్తి కూడా నీదేనంటావు అన్నాడు. సెక్స్‌బీ అనే సైనిక ప్రతినిధి లేచి, మాకు ఈ దేశంలో హక్కే లేకపోతే ఇన్నాళ్లూ ప్రాణాలొడ్డి పోరాడింది దేనికి అని నిలదీశాడు.

తర్వాత రెండు వందల ఏళ్లు ఓటు హక్కు మీద జరిగిన వాదనంతా ఈ మూడు ముక్కల్లో ఉంది. కానీ ఆ రెండు వందల ఏళ్లలో దీన్ని ఎవరూ చదవలేదు! విలియం క్లార్క్ అనే కార్యదర్శి రాసుకున్న నోట్సు ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీ లైబ్రరీలో పడి ఉండి 1890లో బయటపడింది, మరుసటి ఏడాది అచ్చయింది. పారిస్‌లో 1789లో ఓటు గురించి కొట్టుకున్నవాళ్లకు పట్నీలో అన్న మాటలు తెలిసే అవకాశమే లేదు. అయినా అవే మాటలు అక్కడా వచ్చాయి. పరిస్థితి అదే కాబట్టి వాదనా అదే పుట్టింది. పాతపుటలు గారు దీనికేమంటారో చూడాలనుంది.

పాతపుటలు

సిరాచుక్క గారూ, పట్నీ సైనికులు పుస్తకాలు చదవకపోవచ్చు, బైబిలు చదివారు. ప్రతి మనిషీ దేవుడి ముందు సమానమే అన్న మాటను చర్చిలో ఏళ్ల తరబడి విన్నారు. ఆ మాట లేకుండా జీతాల బకాయి గొడవ జీతాల బకాయి గొడవగానే మిగిలేది. చరిత్రలో జీతాలు అందని సైన్యాలకు కొదవ లేదు, చాలావరకు ఊళ్లు దోచుకుని ఊరుకున్నాయి. ఓటు అడిగిన సైన్యం ఎన్నిచోట్ల కనిపిస్తుంది?

నడిజాము

ఇద్దరి వాదనకూ పరీక్ష పెట్టే చోటు ఒకటుంది, దాని పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు. హైతీ. అప్పట్లో సాన్ డొమింగ్, ఫ్రాన్సు వలస. చక్కెర, కాఫీ తోటలు. దాదాపు 5 లక్షల మంది బానిసలు.

1789 ఆగస్టు 26న ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో మొదటి అధికరణ మొదటి వాక్యమే మనుషులు స్వేచ్ఛగా, హక్కుల్లో సమానులుగా పుడతారని అంటుంది. ఇంతకన్నా తేటగా రాయడం కుదరదు. మరి అదే సభ బానిసత్వాన్ని ముట్టుకుందా? లేదు. 1791 మే నెలలో రోజుల తరబడి వాదించి, స్వేచ్ఛాపరులైన తల్లిదండ్రులకు పుట్టిన నల్లజాతి, మిశ్రజాతి వాళ్లకు మాత్రం హక్కులిచ్చింది. అదీ చాలా కొద్దిమందికి. సెప్టెంబరులో దాన్నీ వెనక్కి తీసుకుంది. తోటల యజమానుల పలుకుబడి అలాంటిది. పాతపుటలు గారూ, ఆలోచన కాగితం మీద సిద్ధంగా ఉంది, అచ్చయింది, ఊరూరా చదివారు. అయినా తనంతట తాను ఒక్క సంకెల కూడా తెంచలేదు.

1791 ఆగస్టులో ఉత్తర సాన్ డొమింగ్‌లో బానిసలు తిరగబడ్డారు. తోటలు తగలబడ్డాయి. 1793 వచ్చేసరికి ఫ్రాన్సు అటు స్పెయిన్‌తో, ఇటు బ్రిటన్‌తో యుద్ధంలో ఉంది. దీవిలో ఉన్న ఫ్రెంచి కమిషనర్ సోంతోనాక్స్‌కు మనుషులు చాలడం లేదు. జూన్‌లో, గణతంత్రం తరఫున పోరాడేవాళ్లకు స్వేచ్ఛ ఇస్తామన్నాడు. ఆగస్టు 29న ఉత్తర ప్రాంతంలో బానిసత్వం రద్దని ప్రకటించాడు. అంటే ఆ దీవిని నిలబెట్టుకోవాలంటే బానిసలకు స్వేచ్ఛ ఇవ్వక తప్పని స్థితికి, తిరగబడ్డవాళ్లే ఫ్రాన్సును నెట్టారు.

తర్వాత సాన్ డొమింగ్ నుంచి ముగ్గురు ప్రతినిధులు పారిస్ వచ్చారు. ఒకరు నల్లవారు, ఒకరు మిశ్రజాతి, ఒకరు తెల్లవారు. నల్లజాతి ప్రతినిధి పేరు జాన్ బాప్తిస్త్ బెలె, తను ఒకప్పుడు బానిస. 1794 ఫిబ్రవరి 4న, వాళ్లు సభలో కూర్చుని ఉండగా, కన్వెన్షన్ (అప్పటి ఫ్రెంచి జాతీయ సభ పేరు) ఫ్రెంచి వలసలన్నిటిలో బానిసత్వాన్ని రద్దు చేసింది. 1789లో రాసిన మొదటి వాక్యానికి నిజంగా అర్థం వచ్చింది ఆ రోజే. ఆ అర్థం ఇచ్చింది పారిస్ తత్త్వవేత్తలు కాదు. మానవ హక్కుల చరిత్రను చాలా పుస్తకాలు పారిస్‌లో మొదలుపెట్టి పారిస్‌లోనే ముగిస్తాయి. నాకు అది పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది.

తొలిపొద్దు

నడిజాము గారూ, మంచి పోస్టు. ఒక చిన్న ప్రశ్న. ఆ రద్దు నిలబడలేదు కదా? నెపోలియన్ మళ్లీ తెచ్చాడని చదివిన గుర్తు.

నడిజాము

అవును. 1802 మే 20 చట్టంతో. సాన్ డొమింగ్‌కు పెద్ద సైన్యాన్నీ పంపాడు. అక్కడి నల్లజాతి నాయకుడు తుస్సాన్ లూవెర్త్యూర్‌ను మాటలకని పిలిచి పట్టుకుని ఫ్రాన్సుకు తరలించారు, 1803 ఏప్రిల్‌లో కొండకోట జైల్లో చనిపోయాడు. అయినా ఆ సైన్యం ఓడిపోయింది. 1804 జనవరి 1న హైతీ స్వతంత్ర దేశమైంది. ఆ దేశాన్ని గుర్తించడానికి 1825లో ఫ్రాన్సు అడిగిన ధర 15 కోట్ల ఫ్రాంకులు, పాత యజమానులకు నష్టపరిహారంగా! 1838లో 9 కోట్లకు తగ్గించారు. స్వేచ్ఛ తెచ్చుకున్నవాళ్లే తమ స్వేచ్ఛకు వెల కట్టాల్సి వచ్చింది. ఆస్తి హక్కు అన్న భావం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. పట్నీలో ఐర్‌టన్ భయపడింది ఆస్తి గురించేనని మర్చిపోవద్దు.

వెన్నెలకొమ్మ

నేను ఇంకో వైపు నుంచి వస్తాను. విప్లవాలు ఆలోచనల్ని పుట్టిస్తాయని అందరూ అంటున్నారు. పుట్టిన వాటిని తొక్కేస్తాయి కూడా. ఆ సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

1789 అక్టోబరు 5న పారిస్ నుంచి వెర్సాయ్‌కి వానలో నడిచి వెళ్లింది ఆడవాళ్లు. రొట్టె కోసం బయల్దేరారు. మరుసటి రోజు రాజు కుటుంబాన్ని వెంటబెట్టుకుని పారిస్ తిరిగొచ్చారు. ఆ తర్వాత రాజు మళ్లీ వెర్సాయ్‌లో కాపురం చేయలేదు. ఇంత చేసినవాళ్లకు రాజకీయ హక్కులేమొచ్చాయి? 1790లో తత్త్వవేత్త కాండోర్సే స్త్రీలకు పౌరసత్వం ఇవ్వాలని వ్యాసం రాశాడు. 1791లో రచయిత్రి ఒలాంప్ ద గూజ్ మానవ హక్కుల ప్రకటనను వాక్యం వెంట వాక్యం తీసుకుని స్త్రీ హక్కుల ప్రకటనగా తిరగరాసింది. స్త్రీకి ఉరికంబం ఎక్కే హక్కుంటే ప్రసంగ వేదిక ఎక్కే హక్కూ ఉండాలి అని పదో అధికరణలో అంది. 1793 అక్టోబరు 30న కన్వెన్షన్ స్త్రీల క్లబ్బులన్నిటినీ నిషేధించింది. నాలుగు రోజుల తర్వాత, నవంబరు 3న, ఆమెను గిలటిన్ (తల నరికే యంత్రం) ఎక్కించారు. కాండోర్సే మరుసటి ఏడాది జైల్లో చనిపోయాడు.

1804 సివిల్ కోడ్‌లో, అంటే ఫ్రాన్సు పౌర చట్టాల సంపుటిలో, భార్య భర్తకు విధేయురాలై ఉండాలని రాశారు. విప్లవం 1792లో ఇచ్చిన విడాకుల హక్కును రాచరికం తిరిగొచ్చాక 1816లో రద్దు చేశారు. ఫ్రాన్సులో ఆడవాళ్లకు ఓటు హక్కు 1944 దాకా రాలేదు. సార్వత్రిక ఓటు అన్నమాట వాడినప్పుడల్లా ఈ 1944 గుర్తుపెట్టుకోమని మనవి.

తొలిపొద్దు

నాకు ఇక్కడ చెప్పాలనిపిస్తున్నది ఏమిటంటే, విప్లవాన్ని వ్యతిరేకించిన భావాలు కూడా విప్లవం బిడ్డలే. సంప్రదాయాన్ని నిలబెట్టాలి అనే రాజకీయ సిద్ధాంతం 1789కి ముందు పెద్దగా అవసరం పడలేదు. ఉన్నదాన్ని ఎవరూ కదపనప్పుడు అది ఎందుకు మంచిదో వివరించాల్సిన పనేముంటుంది?

బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు ఎడ్మండ్ బర్క్ అమెరికా వలసల పట్ల సానుభూతి చూపినవాడు. అలాంటి మనిషి 1790 నవంబరులో ఫ్రెంచి విప్లవాన్ని దుయ్యబడుతూ పుస్తకం వేశాడు. తేదీ గమనించండి. రాజును చంపలేదు, గిలటిన్ ఇంకా రాలేదు. సమాజం అంటే బతికున్నవాళ్ల మధ్యనే కాదు, పోయినవాళ్లు, పుట్టబోయేవాళ్లతో కూడా కలిసి చేసుకున్న పొత్తు అన్నాడు. నెల తిరక్కుండానే మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ జవాబు రాసింది. మరుసటి ఏడాది థామస్ పెయిన్ రాశాడు, చచ్చినవాళ్లు బతికున్నవాళ్లను ఏలకూడదన్నాడు. వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో స్త్రీల హక్కుల మీద పుస్తకం వేసింది. కన్సర్వేటివ్ వాదం, రాడికల్ వాదం, స్త్రీవాదం ఒకే గొడవలో, రెండేళ్ల లోపు, ఒకరికొకరు జవాబు చెప్పుకుంటూ రూపం తెచ్చుకున్నాయి.

భయం నుంచీ ఆలోచన పుడుతుంది. 1793-94లో విప్లవ ప్రభుత్వం తన శత్రువులనుకున్నవాళ్లను వేటాడిన టెర్రర్ కాలంలో తీర్పులు చెప్పి చంపినవాళ్లే దాదాపు 17,000 మంది. ప్రజల పేరు మీద పాలించేవాడు కూడా ఇంత చేయగలడని చూశాక, ఎవరు పాలిస్తున్నారు అన్న ప్రశ్న పక్కన ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది: ఎవరు పాలించినా సరే, వాళ్లు ముట్టుకోకూడనివి ఏమిటి? ఫ్రెంచి రాజకీయ రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ 1819లో చేసిన ప్రసంగం అంతా దీని గురించే. పాతకాలం స్వేచ్ఛ అంటే పాలనలో భాగం, ఇప్పటి స్వేచ్ఛ అంటే నా జీవితంలోకి పాలన చొరబడకపోవడం అన్నాడు. టెర్రర్ లేకుండా ఈ ప్రసంగం ఉండేదని నేననుకోను.

కాలరేఖ

తొలిపొద్దు గారూ, మీరు నా పని చాలావరకు చేసిపెట్టారు. కుడి, ఎడమ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 1789 ఆగస్టు, సెప్టెంబరుల్లో రాజుకు వీటో ఉండాలా వద్దా అని చర్చ. వీటో కావాలన్నవాళ్లు అధ్యక్షుడి కుడివైపు చేరారు, వద్దన్నవాళ్లు ఎడమవైపు. సెప్టెంబరు 11న మధ్యేమార్గంగా తాత్కాలిక వీటో నెగ్గింది. ఆ వీటో ఎప్పుడో పోయింది, కూర్చున్న తీరు మాత్రం ప్రపంచమంతా పాకింది.

పాతపుటలు గారికి ఇంకో ఉదాహరణ. 1848 ఫిబ్రవరిలో పారిస్‌లో రాజు పారిపోయాడు. మార్చి మొదట్లోనే తాత్కాలిక ప్రభుత్వం మగవాళ్లందరికీ ఓటిచ్చింది. అప్పటిదాకా ఓటర్లు రెండున్నర లక్షలు, ఒక్క దెబ్బకు 90 లక్షలయ్యారు. ఏప్రిల్ ఎన్నికల్లో గెలిచింది ఎక్కువగా మితవాదులే. జూన్‌లో నిరుద్యోగుల కోసం పెట్టిన జాతీయ వర్క్‌షాపులు మూసేస్తామనగానే కార్మికులు అడ్డుగోడలు కట్టారు, నాలుగు రోజుల పోరాటంలో వేల మంది చనిపోయారు. డిసెంబరులో నెపోలియన్ తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్ మూడొంతుల దాకా ఓట్లతో అధ్యక్షుడయ్యాడు. 1850లో అసెంబ్లీ భయపడి దాదాపు 30 లక్షల మంది ఓటు పీకేసింది. 1851 డిసెంబరు 2న అతను కుట్ర చేసి అసెంబ్లీని రద్దు చేస్తూ, అదే ప్రకటనలో అందరి ఓటూ తిరిగి ఇస్తున్నానన్నాడు!

ఓటుతోనే నియంతృత్వం రావచ్చని ఏ పుస్తకం ముందుగా ఇంత వివరంగా చెప్పింది? దీన్ని చూశాకే ఫ్రెంచి రచయిత టోక్విల్ 1856లో, విప్లవం పాత రాచరికం తాలూకు కేంద్రీకృత అధికారాన్ని కూల్చలేదు, ఇంకా బలపరిచిందని రాశాడు.

పాతపుటలు

> మార్చి మొదట్లోనే తాత్కాలిక ప్రభుత్వం మగవాళ్లందరికీ ఓటిచ్చింది

కాలరేఖ గారూ, అంత తొందరగా ఎలా ఇవ్వగలిగారో ఆలోచించారా? 1793 జూన్ రాజ్యాంగంలో అది రాసిపెట్టి ఉంది కాబట్టి. మగవాళ్లందరికీ ఓటు, ప్రజాసాయం, చదువు, ప్రభుత్వం హక్కులు కాలరాస్తే తిరగబడే హక్కు, అన్నీ ఉన్నాయి. యుద్ధం అయ్యేదాకా ఆపుతున్నామని ఆ అక్టోబరులో పక్కన పెట్టేశారు. దేవదారు పెట్టెలో పెట్టి సభలోనే ఉంచారు, ఒక్క రోజు కూడా అమలు చేయలేదు. అయినా అది చావలేదు. 1795 మే నెలలో పారిస్ జనం రొట్టె, 1793 రాజ్యాంగం కావాలని టోపీల మీద రాసుకుని సభలోకి దూసుకొచ్చారు. మరుసటి ఏడాది ప్రభుత్వాన్ని కూల్చాలని బాబెఫ్ అనే విప్లవకారుడు పన్నిన కుట్రలోనూ అదే నినాదం. అతన్ని 1797లో చంపారు, అతని సహచరుడు బువనరోటి 1828లో ఆ కథంతా పుస్తకంగా వేశాడు. 1830లు, 40ల రహస్య సంఘాలు దాన్ని చదివాయి.

అమలు కాని ఒక కాగితం యాభై ఐదేళ్లు బతికి ఉండి 1848లో పనికొచ్చింది. దీన్ని ఆలోచనకున్న బలం అనక ఏమంటారు?

సిరాచుక్క

ఆ కాగితం మాత్రం 1793లో, శత్రు సైన్యాలు సరిహద్దుల మీద ఉన్న వేసవిలో, కొన్ని వారాల్లో రాసిందే కదండీ. తీరిక ఎక్కడుంది?

ఉత్తరవాహిని

నిన్నటి నుంచి చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. అంతా ఫ్రాన్సు చుట్టూనే తిరుగుతోంది. ఇరవయ్యో శతాబ్దం సంగతేంటి? మెక్సికో గురించి నాకు తెలిసింది రాస్తాను, ఈ చర్చకు బాగా సరిపోతుంది.

1910లో మొదలైన మెక్సికో విప్లవానికి ముందుగా ఒక సిద్ధాంత గ్రంథం లేదు. అధ్యక్షుడు దియాజ్ దశాబ్దాల పాలన పోవాలి, ఎన్నికలు సరిగ్గా జరగాలి అన్నదే మొదటి నినాదం. 1911 నవంబరులో రైతు నాయకుడు జపాటా మనుషులు అయాలా ప్రణాళికలో, మా ఊళ్ల దగ్గర లాక్కున్న భూములు మాకు తిరిగి రావాలన్నారు. 1916 డిసెంబరులో కెరేటారోలో రాజ్యాంగ సభ కూర్చుంది. అప్పటికి అధికారంలో ఉన్న విప్లవ నాయకుడు కరాంజా పంపిన ముసాయిదాలో కార్మికుల గురించి పెద్దగా ఏమీ లేదు. ఐదో అధికరణలో పనిగంటలు ఎనిమిదికి మించకూడదని చేర్చుదామన్నారు. దానికి న్యాయవాదుల అభ్యంతరం, పనిగంటల్లాంటివి మామూలు చట్టాల్లో రాసుకోవాలి, రాజ్యాంగంలో కాదని.

హెరిబెర్తో హారా అనే ప్రతినిధి లేచి ఈ మాటనే పట్టుకున్నాడు. రాజ్యాంగంలో పనిగంటలా అని పండితులు నవ్వుతారు, నిజమే. కానీ మామూలు చట్టాలకు వదిలేస్తామంటూ వదిలేసినవి ఇన్నాళ్లూ ఎప్పుడైనా దక్కాయా అన్నది ఆయన వాదన. యుకటాన్ నుంచి వచ్చిన విక్టోరియా అనే కార్మికుడు, జీతం, విశ్రాంతి, ప్రమాదాలకు పరిహారం అన్నీ ఉండాలన్నాడు. మంహారెస్ అనే ప్రతినిధి, దీనికోసం విడిగా ఒక అధ్యాయమే పెడదామన్నాడు. అలా వచ్చింది 123వ అధికరణ. ఎనిమిది గంటల పనిదినం, కనీస వేతనం, సమ్మె హక్కు అందులో ఉన్నాయి. భూమి గురించి 27వ అధికరణ. 1917 ఫిబ్రవరి 5న రాజ్యాంగం వెలువడింది. అప్పటికి, ఆ ఏడాదే రష్యాలో వచ్చిన విప్లవాలు ఇంకా మొదలు కాలేదు. జర్మనీ వైమార్ రాజ్యాంగం రావడానికి ఇంకా రెండేళ్లుంది.

పాతపుటలు

ఉత్తరవాహిని గారూ, మంచి ఉదాహరణ ఇచ్చారు. ఒక్కటి అడుగుతాను. ఎనిమిది గంటల డిమాండ్ 1886 నాటికే అమెరికాలో సమ్మెలు చేయించింది కదా, మెక్సికోలోనూ 1906లో లిబరల్ పార్టీ తన కార్యక్రమంలో పెట్టింది. కెరేటారోలో మాట్లాడినవాళ్లు దాన్ని చదివి రాలేదంటారా?

ఉత్తరవాహిని

చదివే వచ్చారు, అందులో అనుమానం లేదు. కోరిక పాతదే. కానీ అది రాజ్యాంగంలో ఉండదగ్గ విషయమన్న ఆలోచన 1906 కార్యక్రమం నుంచి రాలేదు. ఆయుధాలు పట్టి వచ్చినవాళ్లు, యూనియన్ల నుంచి వచ్చినవాళ్లు, న్యాయవాదులు ఒకే హాల్లో కూర్చుని, రెండు నెలల గడువులో తేల్చాల్సి రావడం వల్ల వచ్చింది. వైమార్‌లో 1919లో ఏం జరిగిందో, అక్కడ ఆర్థిక హక్కుల భాగం ఎవరి ఒత్తిడితో చేరిందో బాగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పాతపుటలు గారి ప్రశ్నకు ఇంకాస్త గట్టి జవాబు దొరుకుతుంది.